కుటుంబ సంస్థల పోర్ట్ వైన్: డౌరో లోయలో చూడవలసిన తీరు, విశాఖలో నిలవ ఉంచే పద్ధతి

పిల్లలు యూరప్‌లో చదువుతున్నందువల్లనో, ఓడల ఉద్యోగం వల్లనో, పదవీ విరమణ తర్వాతి యాత్రగానో విశాఖపట్నం నుంచి పోర్చుగల్ వెళ్లేవారు పోర్టో నగరంలో ఒకటి రెండు రోజులు ఆగుతారు. నది ఒడ్డున కనిపించిన మొదటి వైన్ గిడ్డంగిలోకి వెళ్లి, మూడు గ్లాసులు రుచి చూసి, పెట్టె అందంగా ఉన్న సీసా ఒకటి కొనుక్కుని తిరిగి వస్తారు. ఆ సీసా ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో హాలులోని గాజు అల్మారాలో రెండు వేసవులు గడిపిన తర్వాత, ఏదో ఒక పెళ్లిరోజున తెరిస్తే రంగు వెలిసి, వాసన చెడి, ఖర్చుపెట్టిన డబ్బు గుర్తుకువస్తుంది. ఈ నష్టం రాకుండా ఉండాలంటే రెండు సంగతులు తెలియాలి. మొదటిది, తరతరాలుగా ఒకే కుటుంబం నడుపుతున్న పోర్ట్ సంస్థను ఏ వరుసలో, ఏమేమి అడుగుతూ చూడాలన్నది. రెండవది, అక్కడి రకాలలో మన వాతావరణానికి ఏది తగినదన్నది. ఈ రెండూ ఒకదానికొకటి ముడిపడినవే. ఎందుకంటే, కొండల వేడి నుంచి వైన్‌ను తప్పించడానికి పడిన పాట్లే ఈ సంస్థల చరిత్రలో సగం.

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. మన దేశంలో, ముఖ్యంగా గోవాలో, పోర్ట్ వైన్ అన్న పేరుతో తక్కువ ధరకు దొరికే తీపి వైన్‌కూ, పోర్చుగల్ ఉత్తర భాగంలోని డౌరో లోయలో తయారయ్యే పోర్ట్‌కూ పేరులో తప్ప పోలిక లేదు. అసలైన పోర్ట్ ఆ లోయలో హద్దులు గీసిన ప్రాంతంలో పండిన ద్రాక్షతోనే తయారు కావాలి. రసం సగం పులిసిన దశలో ద్రాక్ష స్పిరిట్ కలిపి పులియడాన్ని ఆపివేయాలి. ఆ తర్వాత ప్రభుత్వ సంస్థ పరీక్షలో నెగ్గి, సీసా మెడమీద సంఖ్యతో కూడిన హామీ ముద్ర వేయించుకోవాలి. ఆ ముద్ర లేని సీసా గురించి ఈ వ్యాసంలో చెప్పేదేమీ లేదు.

ఏ సంస్థకు వెళ్లాలి

సీసా మీది పేరు ఒక కుటుంబానిది అయినంత మాత్రాన ఆ సంస్థ నేటికీ ఆ కుటుంబం చేతిలో ఉన్నట్టు కాదు. 1638 నాటి కోప్కే ఇప్పుడు ఒక పెద్ద గ్రూపులో భాగం. స్కాట్లండ్‌కు చెందిన జార్జ్ శాండెమన్ 1790లో ప్రారంభించిన సంస్థ 2002 నుంచి సోగ్రేప్ అనే పోర్చుగీసు కంపెనీది. ఆ సోగ్రేప్ కూడా ఒక కుటుంబానిదే కావడం వేరే విషయం. కాబట్టి వెళ్లే ముందు మూడు ప్రశ్నలకు సమాధానం తెలుసుకోవాలి: యజమానులు ఎవరు, వారిలో ఎవరైనా వైన్ తయారీలో స్వయంగా పాల్గొంటున్నారా, ద్రాక్షతోటలు సొంతమా లేక పంటంతా బయటి రైతుల నుంచి కొంటున్నారా. ఈ మూడింటికీ సూటిగా సమాధానం చెప్పే సంస్థ చిన్నదైనా సరే, దానికే మీ సమయాన్ని కేటాయించాలి.

నెదర్లాండ్స్ నుంచి వచ్చిన కుటుంబం 1842 నుంచి నడుపుతున్న నీపోర్ట్, 1918లో మొదలై అదే పోర్చుగీసు కుటుంబంలో కొనసాగుతున్న పోసాస్ ఈ కోవలోనివే. అయితే మొదటిసారి వెళ్లేవారికి తోటనూ గిడ్డంగినీ ఒకే కుటుంబం ఆధ్వర్యంలో చూడగలిగే సౌకర్యం సైమింగ్టన్ కుటుంబ సంస్థల వద్ద బాగా కుదురుతుంది. వారి కథ కూడా తెలుసుకోదగినది. 1820లో గ్లాస్గోకు చెందిన గ్రాహం సోదరుల వస్త్ర వ్యాపార సంస్థకు పోర్టోలో రావలసిన బాకీ కింద 27 పీపాల పోర్ట్ వచ్చింది. ఆ పీపాలతోనే గ్రాహమ్స్ అనే పోర్ట్ సంస్థ పుట్టింది. 1882లో ఆండ్రూ జేమ్స్ సైమింగ్టన్ అనే యువకుడు స్కాట్లండ్ నుంచి వచ్చి ఆ గ్రాహం వారి దగ్గరే ఉద్యోగంలో చేరాడు. ఆ తర్వాత పోర్చుగీసు, ఇంగ్లిషు వంశాలు కలిసిన బియాట్రిస్ అనే అమ్మాయిని పెళ్లిచేసుకుని, 1670 నాటి వార్స్ (Warre's) అనే పోర్ట్ సంస్థలోనూ, అనంతరం డౌస్ సంస్థలోనూ భాగస్వామి అయ్యాడు. 1970లో అతని వారసులు ఆ గ్రాహమ్స్ సంస్థనే కొన్నారు. తాత జీతానికి చేరిన కొట్టుకు మనవలు యజమానులైన ఈ కథను గైడ్లు అక్కడ ఉత్సాహంగా చెబుతారు. అలా చెప్పేటప్పుడు ఆపి, ఇప్పుడు ఎన్నో తరం నడుపుతోందో, వారిలో తోటపని ఎవరిదో, రుచిచూసి మిశ్రమాలు కలిపే పని ఎవరిదో అడిగితే అసలైన సంభాషణ మొదలవుతుంది.

ప్రయాణపు ఏర్పాట్లు

విశాఖ నుంచి హైదరాబాద్, ఢిల్లీ లేదా ముంబై మీదుగా, ఆ తర్వాత గల్ఫ్‌లోనో యూరప్‌లోనో మరొక విమానం మారి పోర్టో చేరవలసి ఉంటుంది. పోర్చుగల్ షెంగెన్ దేశం కనుక స్వల్పకాలిక వీసాకు ప్రయాణ తేదీకి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. కనీసం 15 రోజుల ముందు దరఖాస్తు అందాలి. 30,000 యూరోల వైద్య ఖర్చులకు సరిపడే ప్రయాణ బీమా తప్పనిసరి. పంట కోత సాధారణంగా సెప్టెంబరులో మొదలై అక్టోబరు తొలి రోజుల దాకా సాగుతుంది. ఆ సమయంలో వెళితే ద్రాక్ష తొక్కడం చూడవచ్చు కాని, గదులు దొరకడం కష్టం, పనివాళ్లకు మాట్లాడే తీరిక ఉండదు. తీరికగా ప్రశ్నలు అడగదలచినవారికి మే, జూన్ నెలలు మేలు. జూలై, ఆగస్టులలో లోయలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. "తొమ్మిది నెలల శీతాకాలం, మూడు నెలల నరకం" అని అక్కడివారే తమ లోయ గురించి సామెత చెప్పుకుంటారు.

చాలామంది చేసే పని పోర్టోకు ఎదురుగా, నదికి దక్షిణ గట్టున ఉన్న విలా నోవా డి గాయాలోని గిడ్డంగులను మాత్రమే చూసి, అంతటితో పోర్ట్‌ను చూసినట్టు భావించడం. ఆ వరుసను తిరగవేసి ముందుగా తోటకు, ఆ తర్వాత గిడ్డంగికి వెళ్లాలి. తోటలో వేడిని చూసినవారికే గాయాలోని చల్లదనం విలువ తెలుస్తుంది. పోర్టోలోని సావ్ బెంతో స్టేషనులో ఉదయపు రైలు ఎక్కితే, నేరుగా వెళ్లినా రేగువాలో మారినా, దాదాపు రెండున్నర గంటలలో పిన్యావ్ అనే చిన్న ఊరికి చేరవచ్చు. వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ పక్కన కూర్చోవాలి, ఎందుకంటే రైలు నదికి ఉత్తర గట్టున తూర్పుముఖంగా సాగుతుంది. అరకు రైలులో ఏ వైపు కూర్చోవాలో లెక్కచూసుకునే విశాఖవాసులకు ఈ జాగ్రత్త గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పిన్యావ్ స్టేషను గోడలమీది నీలిరంగు పలకల చిత్రాలలో కోత, మోత, పడవ ప్రయాణం అన్నీ కనిపిస్తాయి కనుక, వాటిని చూసిన తర్వాతే ఊళ్లోకి అడుగుపెట్టడం మంచిది. డౌస్ సంస్థకు 1896 నుంచి ఆధారమైన కింటా దో బొంఫిం అనే తోట ఆ స్టేషను నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది. కింటా అంటే ద్రాక్షతోట, యజమాని ఇల్లు, ద్రాక్ష తొక్కే తొట్టెలు కలిసి ఉన్న ఎస్టేట్. సందర్శనకు ముందుగానే సమయం నిర్ణయించుకోవాలి. చెప్పకుండా వెళ్లినవారిని చాలాచోట్ల గేటు వద్దనుంచే పంపివేస్తారు.

తోటలో ఏమి చూడాలి

మొదట నేల చూడాలి. మట్టి అనదగినది అక్కడ కొద్దిగానే ఉంటుంది. కాళ్ల కింద ఉండేది షిస్ట్ అనే పొరలుగా చీలే రాయి. ఆ పొరలు నిలువుగా చీలినచోట్ల ద్రాక్ష వేళ్లు సందుల్లోంచి లోతుకు దిగి నీటిని వెతుక్కుంటాయి. అందువల్లనే వేసవిలో నెలల తరబడి వాన లేకపోయినా తీగ బతుకుతుంది. కాపు తక్కువగా వచ్చినా పండు చిన్నదిగా, తొక్క మందంగా, రసం చిక్కగా ఉంటుంది. పడమట ఉన్న మరావ్ కొండలు అట్లాంటిక్ సముద్రపు మేఘాలను అడ్డగిస్తాయి కనుక, లోయలో తూర్పుకు వెళ్లేకొద్దీ వాన తగ్గుతుంది, వేడి పెరుగుతుంది. పడమటి నుంచి తూర్పుకు బైషో కోర్గో, సీమా కోర్గో, డౌరో సుపీరియర్ అనే మూడు భాగాలు ఉన్నాయి. పిన్యావ్ ఉన్నది నడిమి భాగంలో. పేరుపొందిన తోటలలో ఎక్కువ ఇక్కడే ఉన్నాయి.

తర్వాత మెట్లు చూడాలి. రాతిని పగలగొట్టి, సున్నం లేకుండా రాళ్లు పేర్చి కట్టిన గోడల మధ్య ఒకటి రెండు వరుసల తీగలు మాత్రమే పట్టే పాత మెట్లు, గోడలు లేకుండా యంత్రాలతో చెక్కిన మట్టికట్టల కొత్త మెట్లు, కొండవాలుకు నిలువుగా కిందినుంచి పైకి నాటిన వరుసలు అనే మూడు పద్ధతులూ ఒకే తోటలో పక్కపక్కన కనిపించవచ్చు. ఏ పద్ధతి ఎందుకు వాడారో అడిగితే కూలి ఖర్చు, నేలకోత, ట్రాక్టరు వెళ్లే వీలు గురించి తోటవారు నిజాయితీగా మాట్లాడతారు. వైన్ రుచి గురించి వినే వర్ణనలకన్నా ఈ మాటలలోనే ఎక్కువ సమాచారం ఉంటుందని నా అభిప్రాయం. కొండల మీద అక్కడక్కడా పొదలు అల్లుకుపోయిన పాడుబడ్డ మెట్లు కూడా కనిపిస్తాయి. 1860ల నుంచి ఫిలాక్సెరా అనే చిన్న పురుగు వేళ్లను తిని తోటలను నాశనం చేసినప్పుడు వదిలేసిన మెట్లు అవి. అమెరికా జాతి వేరుమొక్కల మీద అంటుకట్టే పద్ధతి వచ్చిన తర్వాతనే లోయ తిరిగి కోలుకుంది. ఆ కష్టకాలంలో తోటలు కొని, నాటించి, వేలమందికి పని కల్పించిన దోనా అంతోనియా ఫెరైరా (1811–1896) పేరు ఇప్పటికీ లోయలో గౌరవంగా తలుచుకుంటారు.

తీగల మధ్య ఎక్కడైనా పాత గ్రానైట్ స్తంభం కనిపిస్తే ఆగి చూడాలి. కల్తీలు పెరిగి, ధర పడిపోయిన కాలంలో పోర్చుగల్ పాలనను నడిపిన మంత్రి పోంబల్ మార్క్విస్ 1756లో ఒక కంపెనీని స్థాపించి, ఏ భూముల వైన్‌ను ఎగుమతి చేయవచ్చో హద్దులు నిర్ణయించాడు. ఆ హద్దులను సూచిస్తూ 1757 నుంచి 1761 మధ్య 335 స్తంభాలు నాటించారు. మంచి తోటకు మంచి ధర అన్న ఆ పద్ధతికి వారసత్వంగానే నేటికీ ప్రతి తోటకు నేల, ఎత్తు, వాలు, తీగల వయసు వంటి అంశాల మీద మార్కులు వేసి తరగతి నిర్ణయిస్తారు. ఆ సంవత్సరం పండిన ద్రాక్షలో ఎంత భాగాన్ని పోర్ట్‌గా మార్చవచ్చో ఆ తరగతి మీదనే ఆధారపడుతుంది. ఈ తోట ఏ తరగతిది, ఇక్కడి పంటలో ఎంత పోర్ట్‌కు వెళుతుంది, ఎంత మామూలు వైన్‌కు వెళుతుంది అన్నవి మీరు తప్పక అడగవలసిన ప్రశ్నలు.

ద్రాక్ష రకాల పేర్లన్నీ కంఠస్థం చేయనక్కర్లేదు. తూరీగా నాసియొనాల్, తూరీగా ఫ్రాంకా, తింతా హొరీజ్ అనే మూడు తెలిస్తే చాలు. ఇవి విడివిడిగా నాటిన కొత్త తోటలు కొన్ని, పదుల రకాలు కలగలిపి నాటిన పాత తోటలు కొన్ని ఉంటాయి. పాత తోటలో ఏ తీగ ఏ రకమో పక్కనే నడిచే కుటుంబ సభ్యుడు చెప్పగలిగితే, ఆ సంస్థలో తోట ఇంకా ఇంటిపనిగానే సాగుతోందని అర్థం చేసుకోవచ్చు.

తొట్టె దగ్గర

పోర్ట్ తయారీలో అందరూ ఫొటోలు తీసుకునేది ద్రాక్ష తొక్కడాన్ని, అర్థం చేసుకోవలసింది మాత్రం దాని తొందరను. మామూలు ఎర్ర వైన్‌కు రంగు, వగరు తొక్కల నుంచి దిగడానికి ఒకటి రెండు వారాల సమయం ఉంటుంది. పోర్ట్‌కు ఉండేది రెండు మూడు రోజులే, ఎందుకంటే తీపి పూర్తిగా పోకముందే పులియడాన్ని ఆపాలి. ఆ కొద్ది సమయంలో తొక్కల్లోని సారమంతా రావాలంటే గట్టిగా నలపాలి, గింజ మాత్రం చిట్లకూడదు, చిట్లితే చేదు దిగుతుంది. మోకాలి పైదాకా లోతుండే వెడల్పాటి గ్రానైట్ తొట్టెలలో మనుషుల పాదాలు ఈ పనికి సరిగ్గా సరిపోతాయి. మొదటి రెండు మూడు గంటలు భుజాల మీద చేతులు వేసుకుని వరుసలుగా, ఒకరు లెక్కపెడుతుండగా మెల్లగా నడుస్తారు. ఆ తర్వాత వరుసలు విడిచి పాటలతో తొక్కుతారు. కూలీల కొరత వల్ల అదే ఒత్తిడిని అనుకరించే యంత్రపు తొట్టెలను కొన్ని సంస్థలు తయారుచేయించుకున్నాయి, సైమింగ్టన్ కుటుంబం వాటిలో ముందున్నది. యంత్రం అనగానే తక్కువచేసి చూడవలసిన అవసరం లేదు. రాత్రి మూడు గంటలకు పులియడం చురుకైనప్పుడు యంత్రం అలసిపోదు.

చక్కెరలో దాదాపు సగం ఆల్కహాలుగా మారిన దశలో రసాన్ని దించి, 77 శాతం బలమున్న రంగులేని ద్రాక్ష స్పిరిట్‌ను కలుపుతారు. సంప్రదాయ లెక్క ప్రకారం 550 లీటర్ల పీపాలో 435 లీటర్లు రసం, 115 లీటర్లు స్పిరిట్. ఆ స్పిరిట్ తగలగానే పులియబెట్టే ఈస్ట్ చచ్చిపోతుంది, మిగిలిన తీపి అలాగే నిలుస్తుంది, వైన్ బలం 19 నుంచి 22 శాతం మధ్యకు చేరుతుంది. అయిదో వంతు స్పిరిట్ అయినప్పుడు దాని నాణ్యత సంగతేమిటని అడగడం మరిచిపోకూడదు. పూర్వం సంస్థలకు ఇందులో ఎంపిక ఉండేది కాదు, ఇప్పుడు మంచి సంస్థలు స్పిరిట్‌ను కూడా రుచిచూసి ఎంచుకుంటున్నాయి.

గాయా గిడ్డంగిలో

తోట చూసిన మరునాడు పోర్టోలో 1886 నాటి దోం లూయిష్ వంతెన దాటి గాయాకు నడిచి వెళ్లవచ్చు. గ్రాహమ్స్ గిడ్డంగి కొండ పైభాగంలో ఉంటుంది, 1890లో కట్టినది. లోపలికి అడుగుపెట్టగానే చల్లగా, కాస్త తేమగా తగిలే గాలి కోసమే ఈ గిడ్డంగులు ఇక్కడ వెలిశాయని గుర్తుంచుకోవాలి. కోత తర్వాతి చలికాలం లోయలో గడిపిన వైన్‌ను వసంతంలో చదునైన అడుగుగల రబేలు పడవల మీద, సుడులూ బండరాళ్లూ నిండిన నదిలో గాయాకు దించేవారు. లోయలోని వేసవి వేడికి పీపాల్లో వైన్ ఉడికినట్టయి పాకం వాసన పడుతుంది. సముద్రపు గాలి తగిలే గాయాలో మాత్రం నెమ్మదిగా, సమంగా ముదురుతుంది. ఆ ప్రయాణం ఎంత ప్రమాదకరమైనదో చెప్పడానికి ఒక ఉదాహరణ చాలు. డౌరో నది పటాలు గీసిన జోసెఫ్ జేమ్స్ ఫారెస్టర్ అనే వ్యాపారి 1861లో వలైరా వద్ద పడవ మునిగి చనిపోయాడు. తర్వాత రైలు, లారీలు, ఆనకట్టలు వచ్చి పడవల పని ముగిసింది. ఎగుమతి పోర్ట్ గాయా నుంచే వెళ్లాలన్న నియమం మాత్రం 1926 నుంచి 1986 దాకా కొనసాగింది. ఆ నియమం పోయాకనే లోయలోని చిన్న కుటుంబాలు తమ పేరుతో తామే సీసాలు అమ్ముకోగలిగాయి.

ఇక్కడ గైడ్‌ను రెండు విషయాలు అడగాలి. మొదటిది నిల్వ. చట్టం ప్రకారం సంస్థ తన నిల్వలో ఏటా మూడో వంతుకు మించి అమ్మకూడదు. పెద్ద నిల్వ లేని సంస్థ పాత వైన్ తయారుచేయలేదు. ముందు తరం అమ్ముకోకుండా మిగిల్చిన పీపాలే కుటుంబ సంస్థకు అసలైన ఆస్తి, కాబట్టి మీ దగ్గరున్న అతి పాత పీపాలు ఏ సంవత్సరానివని అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. రెండవది పీపాల వయసు. పోర్ట్‌కు కొత్త చెక్క వాసన పనికిరాదు కనుక పీపా ఎంత పాతదైతే అంత మంచిది. వాటిని బాగుచేసే పీపా పనివారు ఇంకా ఆ సంస్థలోనే ఉన్నారంటే మంచి గుర్తు.

రుచి చూసేటప్పుడు రకాల తేడాను మనసులో పెట్టుకోవాలి. రూబీ అనే రకానికి చెందినవి పెద్ద పీపాలలోనో సీసాలోనో గాలికి దూరంగా ఉండి ఎర్రటి రంగును, పండు రుచిని కాపాడుకుంటాయి. అందులో శ్రేష్ఠమైనది వింటేజ్. అసాధారణంగా పండిన సంవత్సరాలలో మాత్రమే ప్రకటించి, రెండు మూడేళ్లకే వడగట్టకుండా సీసాలో పోసి, పదుల ఏళ్లు చల్లని చోట పడుకోబెట్టవలసిన వైన్ అది. 1963, 1977, 1994, 2011 అటువంటి సంవత్సరాలు. లేట్ బాటిల్డ్ వింటేజ్ అన్నది నాలుగు నుంచి ఆరేళ్లు పీపాలో ఉంచి సీసాలో పోసినది. టానీ అనే రకానికి చెందినవి చిన్న పీపాలలో ఏళ్ల తరబడి గాలితో మెల్లగా కలుస్తూ, ఎరుపు వదిలి ఇటుక రంగుకు, ఆపై తేనె రంగుకు మారతాయి. 10, 20, 30, 40 సంవత్సరాలన్న అంకెలు మిశ్రమపు స్వభావాన్ని సూచిస్తాయి. ఒకే సంవత్సరపు పంటతో, కనీసం ఏడేళ్లు పీపాలో ముదిరినది కొల్యైటా. అయిదారు గ్లాసుల వరస తీసుకోవడం కన్నా, 10 ఏళ్ల టానీ, 20 ఏళ్ల టానీ, ఒక కొల్యైటా పక్కపక్కన పెట్టించుకుని గంటసేపు కూర్చోవడం మేలు. పదేళ్ల దానిలో పండు ఇంకా మిగిలి ఉంటుంది, ఇరవయ్యేళ్ల దానిలో వేయించిన పప్పులు, ఎండిన నారింజ తొక్క వంటి వాసనలు పైకివస్తాయి. నోటిలో తిప్పి ఉమ్మివేయడానికి పాత్ర అడగవచ్చు, అక్కడ దానిని ఎవరూ తప్పుగా చూడరు. మామూలు వైన్ కంటే దీని బలం చాలా ఎక్కువన్నది మరిచిపోయినవారికి కొండ దిగడం కష్టమవుతుంది.

విశాఖకు ఏ సీసా

వింటేజ్ సీసా ఎంత గొప్పదైనా, చల్లని నేలమాళిగ లేని విశాఖ ఇంటికి అది తగదు. దానికి ఏళ్ల తరబడి 12 నుంచి 16 డిగ్రీల మధ్య నిలకడగా ఉండే చోటు కావాలి. మన ఊళ్లో మే నెలలో రాత్రిపూట కూడా గది 30 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. వైన్ కోసం ప్రత్యేకమైన ఫ్రిజ్ కొన్నా కరెంటు మీద ఆధారపడక తప్పదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు నగరం రోజుల తరబడి చీకట్లో ఉన్న సంగతి ఇక్కడివారికి చెప్పనక్కర్లేదు. వయసు చెప్పిన టానీ గాని, కొల్యైటా గాని ఎదగవలసినదంతా పీపాలోనే ఎదిగి, తాగడానికి సిద్ధంగా వస్తుంది. గాలి దానికి కొత్త కాదు కనుక తెరిచిన తర్వాత కూడా వారాల తరబడి నిలుస్తుంది. ఇంట్లో ఒకరిద్దరే, అదీ చిన్న గ్లాసుల్లో తీసుకునే మన కుటుంబాలకు ఇది మరింత అనుకూలం. కాబట్టి బడ్జెట్ ఎంతైనా సరే, రెండు సీసాలు కొనేవారు రెండూ టానీ కొనాలనే నా సలహా.

కొనేటప్పుడు లేబుల్ వెనుక వైపు చూసి, సీసాలో పోసిన సంవత్సరం తెలుసుకోవాలి. సీసాలోకి వెళ్లాక టానీ మెరుగుపడదు కనుక ఇటీవల పోసినదే తీసుకోవాలి. బిరడా పైన ప్లాస్టిక్ లేదా చెక్క టోపీ ఉండి చేత్తో తీసేది అయితే ఆ సీసాను నిలబెట్టి ఉంచాలి. స్క్రూతో లాగవలసిన పొడవాటి బిరడా అయితే పడుకోబెట్టాలి. మెడమీది హామీ ముద్ర చిరగకుండా ఉందో లేదో కూడా చూసుకోవాలి.

విదేశాల నుంచి వచ్చే ప్రయాణికుడు సుంకం లేకుండా తెచ్చుకోగల మద్యం రెండు లీటర్లు. అంటే 75 సెంటీలీటర్ల సీసాలు రెండు, దానితోపాటు ఒక అరసీసా. మన ప్రయాణంలో కస్టమ్స్ తనిఖీ దేశంలో మొదట దిగిన విమానాశ్రయంలో జరుగుతుంది, అక్కడ సామాను తీసుకుని మళ్లీ విశాఖ విమానానికి అప్పగించాలి. అందువల్ల సీసాలను చేతిసంచిలో కాక, మొదటినుంచీ బట్టల మధ్య చుట్టి పెద్ద పెట్టెలో పెట్టుకోవడమే క్షేమం. ఇతర చోట్ల కొన్న మద్యాన్ని రాష్ట్రంలోకి తేవడానికి, ఇంట్లో ఉంచుకోవడానికి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ నిబంధనలు ఎంత అనుమతిస్తున్నాయో బయలుదేరేముందే కనుక్కోవాలి, ఈ నియమాలు మారుతుంటాయి. రాష్ట్రంలో మద్యం తీసుకోవడానికి కనీస వయసు 21 సంవత్సరాలు.

ఇంట్లో నిలవ, వడ్డన

తెరవని సీసాను అటక మీద పెట్టకూడదు, ఇంట్లో అన్నిటికన్నా వేడి అక్కడే చేరుతుంది. వంటింటి అల్మారా, పడమటి ఎండ తగిలే గోడ, కారు డిక్కీ కూడా పనికిరావు. ఎండ పడని లోపలి గదిలో, నేలకు దగ్గరగా, తలుపున్న అల్మారాలో పెట్టాలి. ఫిబ్రవరి చివరి నుంచి వానలు స్థిరపడేదాకా మామూలు ఫ్రిజ్‌లోని కింది అరలో పెట్టడం ఇంకా మంచిది. అతి చల్లదనం వల్ల టానీకి కొద్ది నెలల్లో నష్టమేమీ రాదు, వేడి వల్ల వస్తుంది. ఎంత జాగ్రత్తపడినా ఏడాది లోపల తెరవడానికే ప్రయత్నించాలి, పెట్టె అందంగా ఉందని దాచుకోవడంలో అర్థం లేదు.

టానీ 10 నుంచి 14 డిగ్రీల మధ్య తాగవలసినది. ఫ్రిజ్ నుంచి తీసి పావుగంట బయట ఉంచితే మన గదుల్లో ఆ స్థాయికి వస్తుంది, అరగంట దాటితే స్పిరిట్ వాసన ముక్కుకు తగులుతుంది. అంచు కాస్త లోపలికి వంగిన గ్లాసులో మూడో వంతుకు మించకుండా పోయాలి. లీటరుకు దాదాపు 80 నుంచి 120 గ్రాముల చక్కెర ఉంటుంది కనుక 60 మిల్లీలీటర్లలో ఇంచుమించు ఆరు గ్రాములు ఉన్నట్టే. మధుమేహం ఉన్నవారు డాక్టరును అడగకుండా ముట్టకూడదు. తాగినవారు బీచ్ రోడ్డు మీద బండి నడపకూడదని వేరే చెప్పాలా?

తోడుగా ఏమి పెట్టాలన్న విషయంలో పోర్చుగీసువారి బాదం మిఠాయిలను వెతకవలసిన పనిలేదు. గోధుమపాలు, నెయ్యి, జీడిపప్పుతో చేసే మాడుగుల హల్వాకు 10 ఏళ్ల టానీ చక్కగా కుదురుతుంది. అయితే హల్వా ముక్క చిన్నదిగా ఉండాలి, తీపి మీద తీపి పడితే వైన్ పలచబడినట్టు అనిపిస్తుంది. 20 ఏళ్ల దానికి ఉప్పు తక్కువగా వేయించిన పలాస జీడిపప్పు చాలు. కారం కలిపిన పప్పులు, పకోడీలు దగ్గరికి రానివ్వకూడదు, కారం తగలగానే స్పిరిట్ మంట రెట్టింపవుతుంది. అరకు కాఫీ ఇవ్వదలిస్తే వైన్ ముగిశాకనే ఇవ్వాలి.

ఎవరైనా బహుమతిగా వింటేజ్ ఇచ్చినట్టయితే దాచకుండా ఆ చలికాలమే తెరవాలి. ముందురోజు సీసాను నిలబెట్టి మడ్డిని అడుగుకు దిగనివ్వాలి. ఆ తర్వాత దీపం ఎదుట మెడను చూస్తూ, ఆపకుండా మెల్లగా గాజు కూజాలోకి వంచి, మడ్డి మెడ దగ్గరకు రాగానే ఆపివేయాలి. ఆ కూజాను ఒకటి రెండు రోజుల్లో ముగించాలి. లేట్ బాటిల్డ్ వింటేజ్ తెరిచాక నాలుగైదు రోజులు, మామూలు రూబీ ఎనిమిది నుంచి పది రోజులు, మామూలు టానీ మూడు నాలుగు వారాలు, వయసు చెప్పిన టానీ ఒకటి నుంచి నాలుగు నెలలు నిలుస్తాయి. ఇవి బిరడా బిగించి ఫ్రిజ్‌లో ఉంచినప్పటి లెక్కలు. బయట ఉంచితే విశాఖలో ఈ గడువుల్లో సగం కూడా నమ్మకూడదు.